తస్బీ గడ్డి

మదనపల్లెలో మా మేడమ్ ఇంటి ముందుగదిలో ఒక ఇనుప బీరువా ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు అందులో పట్టుచీరలు ఉంటాయనుకుంటారు. ఉండేది ఎండుగడ్డి.

ఆవిడ మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో పుట్టి, ఆ పక్కనే బడికి వెళ్లి, తర్వాత ఊళ్లోనే ఒక కాలేజీలో ముప్ఫై ఏళ్లకు పైగా బాటనీ చెప్పారు. నేనూ ఆవిడ దగ్గర రెండేళ్లు చదివాను, అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఆ ముప్ఫై ఏళ్లూ సెలవు దొరికినప్పుడల్లా ఆవిడ మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల చెరువులూ కుంటలూ వంకలూ తిరిగేవారు. నీళ్లలోనో బురదలోనో మొలిచిన ప్రతి మొక్కనూ తెచ్చి, ఆరబెట్టి, మందపు కాగితానికి అతికించి, కింద మూలలో చీటీ రాసేవారు. ఒక్కో మొక్కల కుటుంబానికి ఒక్కో అట్ట. తుంగల కుటుంబానికి ఒక అట్ట చాలక మూడయ్యాయి.

మొక్కల తడి పీల్చడానికి ఆవిడ వాడేది పాత దినపత్రికలు. విలేకరి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను శనివారాలు ఆ ఇంటికి వెళ్లడం మొదలుపెట్టినప్పుడు, ఇంకా అతికించని మొక్కల మధ్య ఎప్పుడో నేను రాసిన వార్తలు కనిపించేవి. రామసముద్రంలో తాగునీటి ఎద్దడి మీద రాసినదాంట్లో ఒక నీటి మొక్క హాయిగా పడుకుని ఉంది. నా వార్త ఏదైనా ఇన్నాళ్లు భద్రంగా ఉన్నదంటే అది ఆ బీరువాలోనే.

కింది అరలో ఒక అట్ట మాత్రం పలుచగా ఉండేది. పైన నల్లసిరాతో 'జంకేసీ' అని రాసి ఉంది. తెరిస్తే లోపల ఏమీ లేదు.

జంకేసీ అంటే ఇంగ్లీషువాళ్లు రష్ అని పిలిచే మొక్కల కుటుంబం. తెలుగులో దానికి పేరున్నట్టు నేను వినలేదు. మనవాళ్లకు నీళ్లలో సన్నగా నిలబడ్డదంతా తుంగ, లావుగా నిలబడ్డదంతా జమ్ము. చలిదేశాల్లో ఈ రష్ మొక్కలు బురద కనిపిస్తే చాలు మొలుస్తాయట. మన వైపు మాత్రం కొండ ప్రాంతాల్లో, ఏడాది పొడవునా తేమ ఆరని ఊటల దగ్గర, అక్కడక్కడ ఉండాలని మేడమ్ చదివిన పుస్తకాలు చెప్పేవి. ఉండాలని ఆవిడా నమ్మారు. అట్టకు పేరు రాసి పెట్టారు. మొక్క దొరకలేదు.

ఆ ఏడు వానలు వెళ్లాక బీరువా మొత్తాన్ని కాలేజీకి ఇచ్చేయాలని ఆవిడ నిర్ణయించుకున్నారు. వాళ్లు ఒక గది ఖాళీ చేసి ఇస్తామన్నారు. ఇచ్చేముందు ఆ ఖాళీ అట్టను తీసి పక్కన పెడతానని ఒక శనివారం కాఫీ తాగుతూ మామూలుగా చెప్పారు. పోనీ దాన్నీ కలిపే ఇవ్వండి, ఎవరో ఒకరు నింపుతారు కదా అన్నాను నేను.

"ఖాళీ అట్ట ఇస్తే ఏం చెప్పినట్టప్పా? ముప్ఫై ఏండ్లు బోర్డు మీద బొమ్మ గీసి పిల్లోళ్లకు చెప్పినా. ఒక్కసారన్నా చేత్తో పట్టుకోల్యా. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలియాల్నా?" అన్నారు.

నవ్వుతూనే అన్నారు గాని, కాఫీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఆ అట్ట వైపే చూస్తున్నారు. చూడటమూ సరిగా లేదు. ఒక కంటికి శుక్లం తీయించుకున్నారు, రెండోది ఇంకా వాయిదాలో ఉంది. సన్నటివి ఆనవు. ఆ రోజే నేను, ఇంక రెండు నెలలు మీ కళ్లు నేనే అన్నాను. కాలేజీలో మైక్రోస్కోపులో నీ కనురెప్పనే చూసి బొమ్మ గీసినోడివి నువ్వు కదా అని ఆవిడ గుర్తుచేశారు. అయినా పాఠం మొదలుపెట్టారు.

మొదటి పాఠం కళ్లకు కాదు, వేళ్లకు. పెరట్లోంచి గరిక పోచ, మురుగు కాలువ పక్కనుంచి తుంగ కాడ తెప్పించి, కళ్లు మూసుకోమన్నారు. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపినట్టు దొర్లించాలి. గరికైతే గణుపు తగులుతుంది, గణుపుకూ గణుపుకూ మధ్య బోలుగా ఉంటుంది. తుంగైతే దొర్లదు. మూడు పలకలుగా ఉంటుంది కాబట్టి ఒక్కో పలక మీద ఆగి, తిరగబడి, మళ్లీ ఆగుతుంది. జంకస్, అంటే ఆ ఖాళీ అట్టలో ఉండాల్సిన మొక్క, అయితే గుండ్రంగా, ఊరికే దొర్లిపోతుందని చెప్పారు. కాయ సంగతి వచ్చే వారం చెప్తాను, అదే అసలు పాఠం అన్నారు.

నేను ఆ వచ్చే వారం దాకా ఆగలేదు.

ఒక పనిమీద పుంగనూరు వెళ్లి, చెరువు కట్ట మీద నడుస్తుంటే నీటి అంచున నడుమెత్తు పెరిగిన ఆకుపచ్చటి కాడలు కనిపించాయి. ఒకటి తెంపి కళ్లు మూసుకుని దొర్లించాను. నూనె రాసినట్టు దొర్లింది. ఒక్క ఆకు లేదు. కాడ కొనకు కాస్త కిందుగా, పక్కకు పొడుచుకొచ్చినట్టు గోధుమరంగు పూలగుత్తి. మేడమ్ బోర్డు మీద గీసిన బొమ్మ అచ్చం ఇట్లాగే ఉండేదని గుర్తొచ్చింది. కట్ట మీదే నిలబడి ఆవిడకు ఫోన్ చేశాను. గుండ్రంగా ఉందా అని రెండుసార్లు అడిగారు. ఉందన్నాను. అయితే కాయతో సహా తీసుకురా, చూస్తాము అన్నారు.

ఆ 'చూస్తాము' అన్న మాట నా చెవిలో పడింది గాని లోపలికి పోలేదు. నేను పనిచేసిన పత్రికకు ఇప్పటికీ వారానికొక చిన్న ముక్క రాస్తుంటాను. సాయంత్రం ఆరులోపు పంపితే మరునాడు మా ప్రాంతపు వార్తలేసే జోన్ పేజీలో వస్తుంది. నలభై ఏళ్లుగా ఆరు గంటలంటే నా చేతులు వాటంతట అవే ఆడతాయి. బస్టాండులో బెంచీ మీద కూర్చుని, పుంగనూరు చెరువులో అరుదైన జంకస్ మొక్క బయటపడిందనీ, విశ్రాంత బాటనీ అధ్యాపకురాలి ముప్ఫై ఏళ్ల అన్వేషణ ఫలించిందనీ ఫొటోతో సహా పంపేశాను. ఆవిడకు పొద్దున్నే పేపరులో చూసి ఆశ్చర్యం కలగాలని అనుకున్నాను. కలిగింది.

మరునాడు నేను వెళ్లేసరికి మేడమ్ పేపరును మడిచి బల్ల మీద పెట్టి ఉన్నారు. అప్పటికే నలుగురైదుగురు పాత విద్యార్థులు ఫోన్ చేసి అభినందించారట. వాళ్లకు ఏం చెప్పారని అడిగితే, "కాయ చూసి చెప్తానన్నా" అన్నారు. నేను తెచ్చిన కాడను తీసుకుని, వేళ్లతో గుత్తి తడిమి, ఒక సూదీ భూతద్దమూ నా చేతికిచ్చి, ఒక్క పూవును విప్పమన్నారు. పొలుసుల్లాంటివి ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఒక్కో పొలుసు కింద ఒక్కటే గింజ, నల్లగా, గట్టిగా, సూది మొనకు టక్కున తగిలింది.

"ఒక్కటే గింజనా?"

"ఒక్కటే మేడమ్."

"తుంగ."

అంతే అన్నారు. అన్ని తుంగలకూ మూడు పలకలుండవట, గుండ్రటి కాడ తుంగలు మన చెరువుల్లో బోలెడట. అందుకే వేళ్లతో సగం, కాయతో సగం. కాయ చూడనిదే చీటీ మీద పేరు రాయకూడదన్నది ముప్ఫై ఏళ్లుగా ఆవిడ నియమం. నేను రాయలేదు సరే, అచ్చే వేయించాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. మీ పేపర్లో సవరణ వేస్తారు కదా, వేయించు అన్నారు. తర్వాత, ఫొటోతో పెద్దగా తప్పు వచ్చింది, సవరణ కూడా కనిపించే చోట రావాల్నప్పా అన్నారు.

డెస్కులో ఉన్నవాళ్లు ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. గడ్డి గురించి సవరణ ఎవరడుగుతారు సార్ అని నవ్వారు. ఒకరు అడుగుతున్నారన్నాను. మూడో రోజు మూడు లైన్లలో వచ్చింది: పుంగనూరు చెరువులోని మొక్క తుంగ కుటుంబానికి చెందినదిగా తేలింది, పొరపాటుకు చింతిస్తున్నాం.

ఆ చింత ఎక్కడుందో చూద్దామని నేను మళ్లీ పుంగనూరు చెరువుకు వెళ్లాను. నిజానికి ఫొటో తీసిన చోటు ఇంకోసారి చూసి సిగ్గుపడదామని. అక్కడ ఒకామె మోకాళ్ల దాకా నీళ్లలో దిగి ఆ కాడల్నే కొడవలితో కోస్తోంది. యాభై దాటిన మనిషి, తలమీద కొంగు, నోట్లో వక్క. పుంగనూరులో తుంగచాపలు అల్లే ఇంటామె. మా వైపు ముస్లింల ఆడవాళ్లను ఆపా అని పిలుస్తాము, అక్క అన్నమాట. ఆపా, ఈ గడ్డి దేనికి అని అడిగాను. చాపకు పనికిరాదనీ, టమోటా పెట్టెల అడుగున పరిచేదానికి అడుగుతారనీ చెప్పింది. ఆ పైన, ఎవరో పేపరాయన ఇది యాడా దొరకని గడ్డి అని రాసినాడంట, మా వీధంతా నవ్వతా ఉండారు అంది.

నేనే ఆ పేపరాయననని చెప్పక తప్పలేదు. ఆమె కొడవలి ఆపి నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"దొరకని గడ్డంటనా అన్నా ఇది? మా అత్త కాలం నుంచి దీన్ని కోసి కోసి సేతులు కాయలు కాసినాయి. నన్ను అడగల్యా, మా అత్తను అడగల్యా, ఎవుర్ని అడిగి రాసినావు?"

నలభై ఏళ్ల ఉద్యోగంలో ఏ ఎడిటరూ నన్ను ఇంత సూటిగా అడగలేదు. మేడమ్ గురించీ, ఖాళీ అట్ట గురించీ కట్ట మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, ఆ టీచరమ్మను ఒకసారి మా ఇంటికి పిల్చుకొని రా, గడ్డి గురించి మాట్లాడేవాళ్లు మాకూ ఎవరుండారు అంది.

ఆ వారంలోనే మేడమ్‌ను తీసుకెళ్లాను. పుంగనూరులో ఒక సందులో ఆ ఇల్లు. నడవంతా నేలమగ్గం, పడుగుకు నారదారం. వెనక పెరట్లో పచ్చి తుంగ కట్టలు. మోకాళ్ల నొప్పి కాబట్టి మేడమ్ కోసం ఒక ఎత్తుపీట వేశారు. ఆపా నేల మీద కూర్చుని, తుంగ కాడను కాలి బొటనవేలికీ రెండోవేలికీ మధ్య నొక్కి పట్టి, చిన్నకత్తితో పైనుంచి కిందిదాకా ఒక్క గీతలో మూడు పేలికలుగా చీలుస్తోంది. పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలట, ఎండితే వంకర పోతుంది. మాటలు నాతో, చూపు పొయ్యి మీది టీ మీద, చేతులు మాత్రం కట్టలోంచి కాడ తీయడం, తడమడం, చీల్చడం. ఒక్కోసారి మాత్రం తీసినదాన్ని చీల్చకుండా ఎడమ చేతి వైపు విసిరేస్తోంది. అక్కడ అట్లాంటివి చిన్న కుప్పయ్యాయి. మేకల కొట్టంలో పరుస్తారట.

మేడమ్ ఆ చప్పుడు విన్నారు. చీల్చే చప్పుడు రావలసిన చోట రాకపోవడం విన్నారు అనాలి. అవెందుకు పారేస్తున్నావమ్మా అని అడిగారు.

"అది తస్బీ గడ్డి టీచరమ్మా. పనికి రాదు."

"తస్బీ అని పేరు యాల?"

ఆపా చెయ్యి చాచి, కిటికీ మేకుకు వేలాడుతున్న జపమాల తీసింది. నమాజు తర్వాత పూసలు లెక్కపెట్టుకుంటూ అల్లాను తలుచుకునే మాలను తస్బీ అంటారు. దాన్ని మేడమ్ చేతిలో పెట్టి, బొటనవేలితో పూస పూసకూ జరపమంది. జరిపారు. తర్వాత మాల తీసుకుని, ఆ చేతిలోనే పారేసిన కాడ ఒకటి పెట్టింది. నిజానికి కాడ కాదు, కాడలా సన్నగా గుండ్రంగా ఉన్న ఆకు. మేడమ్ బొటనవేలు మొదట్నుంచి కొన దాకా నెమ్మదిగా వెళ్లింది. మళ్లీ మొదటికి వచ్చింది. మూడోసారి సగంలో ఆగిపోయింది.

లోపల అడ్డుతెరలున్నాయి. పైకి కంటికి ఆనవు, వేలికి మాత్రం వరసగా పూసల్లా తగులుతాయి. నాకూ ఇచ్చారు, నాకూ తగిలాయి. కత్తి ప్రతి తెర దగ్గరా తట్టుకుంటుందని ఆపా చెబుతోంది. గీత వంకరపోతుంది, పేలిక తెగుతుంది, ఒక్కటి చాపలో పడినా నెలకే ఆ వరస విరుగుతుంది. అందుకే కళ్లు మూసుకున్నా తెలిసిపోతుందంటోంది.

నేను మేడమ్ ముఖం చూశాను. రంగు మారింది. నా చెయ్యి జేబులోని ఫోన్ మీదికి పోయింది.

"చెయ్యి తియ్యి" అన్నారు మేడమ్ నా వైపు తిరక్కుండానే.

తర్వాత ఆపాతో నిదానంగా చెప్పారు. ఇది తను వెతికేదే కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఇట్లాంటి అడ్డుతెరలు కొన్ని తుంగల కాడల్లోనూ ఉంటాయి. కాయ చూడాలి. కాయ ఎక్కడుంది?

కాయ లేదు. కట్టలన్నీ తలలు నరికి వస్తాయి. కుప్పం దగ్గర ఆపా పుట్టిల్లు. అక్కడ తమ్ముడు తుంగ కోసి, కొనలు నరికేసి, కట్టలు కట్టి పంపుతాడు. కుప్పను ఇంకోసారి తిరగేస్తానని ఆపా పెరట్లోకి పోయింది. ఒక్క కొన కూడా దొరకలేదు. మేడమ్ మాత్రం ఆ ఆకును జాకెట్టు చేతి మడతలో పెట్టుకున్నారు. తిరుగు బస్సులో మదనపల్లె వచ్చేదాకా వేలు ఆ మడత మీదనుంచి తీయలేదు.

కుప్పం ఏ రోజు పోవాలన్నది ఫోన్లో తేలడానికి రెండు రోజులు పట్టింది. శుక్రవారం ఆపాకు కుదరదు, ఆదివారం చర్చి ఉంది కాబట్టి మేడమ్‌కు కుదరదు, చివరికి రెంటికీ మధ్యనున్న శనివారం కుదిరింది. మేమిద్దరం మదనపల్లెలో మొదటి బస్సెక్కాము. పుంగనూరులో ఆపా ఒక సంచీతో ఎక్కింది. పలమనేరు వచ్చేసరికి ఆడవాళ్లిద్దరూ మోకాళ్లకు రాసే నూనెల దగ్గర మొదలుపెట్టి కోడళ్ల దాకా వచ్చేశారు. వి.కోటలో ఆపా సంచీ విప్పి చపాతీలూ ఊరిబిండి పచ్చడీ పెట్టింది. ఒక ముక్క తిని, ఇది బండరోట్లో నూరింది కాదు కదా అన్నారు మేడమ్. మిక్సీదే అని ఒప్పుకుంది. కాయ చూడకుండానే కనిపెట్టారే అన్నాను నేను. ఆ మాటకు ముందు సీటాయన కూడా వెనక్కి తిరిగి చూసేంతగా మేడమ్ నవ్వారు.

కుప్పం బస్టాండులో తమ్ముడు ఆటోతో ఉన్నాడు. తెలుగులో మొదలై తమిళంలో ముగిసే మాట అతనిది. ఊరు దాటి, నీలగిరి తోపులు దాటి, ఒక బండరాతి గుట్ట కింద ఆపాడు. గుట్ట అడుగునుంచి నీళ్లు ఊరి, పారకుండా, పరుచుకుని ఉన్నాయి. మధ్యలో తుంగ మనిషెత్తు. ఆవుల డెక్కల గుంటల్లో నీళ్లు మెరుస్తున్నాయి. ఏ ఎండాకాలంలోనూ ఇది ఆరదని అతను చెప్పగానే మేడమ్ చెప్పులు విడిచేశారు.

ఆపా చెయ్యి పట్టుకుని బురదలో దిగారు. తుంగ మధ్యకు పోలేదు. అంచున, మోకాలెత్తున, ఎవరూ పట్టించుకోని పొట్టి గుబుర్ల దగ్గర ఆగి, రెండు చేతులూ చాచి తడిమారు. తమ్ముడు అక్క వైపు చూసి, ఈయమ్మ ఈ పొట్టిగడ్డి కోసమా ఇంత దూరం వచ్చింది అని అడిగాడు.

"నువ్వు కట్ట లావుగా కనపడాలని దీన్ని లోపల కలిపి పంపుతావు సూడు, ఆ మోసం సూసేదానికే వచ్చింది" అంది ఆపా.

అతను తల గోక్కున్నాడు. అంచున ఉండేది అదే కదక్కా, కొడవలికి తానే వస్తుంది అన్నాడు. అప్పుడు మేడమ్ బురదలో నిలబడే అతని వైపు తిరిగి, "నువ్వు కలపకుంటే అది పుంగనూరు వచ్చేదే కాదప్పా. కలిపింది మంచిపనే" అన్నారు. అతను గెలిచినట్టు అక్క వైపు చూశాడు. ఇట్లాంటి సర్టిఫికెట్టు ఇచ్చినావు కదా టీచరమ్మా, ఇంక వీడు నాకు తుంగే పంపడు అంది ఆపా.

మేడమ్ గుబురులో మొదళ్ల దాకా చేతులు పోనిచ్చి, ఒక కాడను వేరుతో సహా పెకలించారు. పైన కొమ్మలు కొమ్మలుగా చీలి, ఒక్కో కొమ్మ కొనన చిన్న చిన్న గుత్తులు. కొన్ని పూలు, కొన్ని ముదిరిన కాయలు. బండమీద కూర్చుని తెల్ల చేతిరుమాలు ఒళ్లో పరిచారు. భూతద్దం కంటికి ఆనించుకుని చాలాసేపు చూశారు. తర్వాత దాన్ని దించేశారు. ఆనలేదు.

సూదీ భూతద్దమూ ఆపాకు ఇచ్చారు. నాకెందుకు ఇవ్వలేదో నాకు తెలుసు. ఏం కనిపించాలో నాకు ముందే తెలుసు, తెలిసినవాడికి అదే కనిపిస్తుంది. నేను పుంగనూరులో చేసింది అదే. మేడమ్ ఏమీ చెప్పకుండా, పూవు ఎట్లుందో చూసి చెప్పమన్నారు.

ఆపా భూతద్దాన్ని చీల్చేకత్తిలా పట్టుకుంది. రెక్కలుండాయి అంది. ఎన్ని? ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, వాటి సందుల్లో ఇంకో మూడు అంది. ఎర్రగడ్డ పువ్వు మాదిరే ఉండాది టీచరమ్మా, బియ్యపు నూకంత ఎర్రగడ్డ పువ్వు అంది.

మా వైపు ఎర్రగడ్డ అంటే ఉల్లిగడ్డ. మేడమ్ తలాడించారు. నాకు ఆవిడ క్లాసు గుర్తొచ్చింది. జంకస్‌ను చూసి గడ్డి అనుకోవద్దు, అది గడ్డి వేషం కట్టిన ఉల్లి చుట్టం అని బోర్డు మీద మూడూ మూడూ ఆరు రెక్కలు గీసేవారు. ఆపా ఆ క్లాసులో లేదు.

"ఇప్పుడు కాయ విప్పమ్మా. రుమాలు మీద. లోపల ఏముందో చెప్పు. ఎన్ని గింజలుండాయో చెప్పు."

కాయ మొన తేలి, మూడు పలకలుగా ఉంది. ఆపా సూది మొన ఆనించి కొంచెం నొక్కింది. అది మూడు రెక్కలుగా విచ్చుకుంది. దూరంగా ఆవుల మెడగంటలు మోగుతున్నాయి. నా చేతులు వెనక కట్టుకుని ఉన్నాను. ఒకటే గింజ అంటుందేమోనని నా భయం. మేడమ్ రుమాలు అంచులు రెండు చేతులతో పట్టుకుని, ముఖం మాత్రం గుట్ట వైపు పెట్టి కూర్చున్నారు.

ఆపా రుమాలు మీదికి ఇంకా వంగి సూది మొనతో గింజల్ని కదిపింది. తర్వాత ఫిర్యాదు చేస్తున్నట్టు అంది.

"ఇది లెక్కపెట్టేదానికి కాదు టీచరమ్మా. నశ్యం పొడి మాదిరి రాల్తాండాది."

మేడమ్ రుమాలు మీద వేలు పెట్టారు. వేలి కొనకు గోధుమరంగు ధూళి అంటింది. దాన్ని బొటనవేలితో రుద్ది, చెంపకు రాసుకున్నారు, ఎందుకో తెలియదు. "జంకస్" అన్నారు. ఇంకోసారి అన్నారు. తర్వాత ఆపా మెడ చుట్టూ చెయ్యి వేసి, బురద కాళ్లతో ఆ బండమీదే అటూ ఇటూ ఊగారు. తమ్ముడు నా పక్కకు వచ్చి, ఏమన్నా మందుచెట్టా సార్ అని మెల్లగా అడిగాడు. కాదన్నాను. మరెందుకు అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా పేరు పిలుస్తున్న మనిషి ఈ రోజు ఎదురుపడ్డాడనుకో అన్నాను. అట్లయితే సరే అన్నాడు, ఏదో అర్థమైనట్టే.

మొక్కను అక్కడికక్కడే పేపర్ల మధ్య పెట్టాలి. మేడమ్ తన సంచీలోంచి తీసిన పేపరు, సవరణ వచ్చిన రోజుది. కావాలనే తెచ్చారా అని అడిగాను. పాత పేపరు ఏదైతే ఏమప్పా, తడి పీల్చుకుంటే చాలు అన్నారు. మూడు లైన్ల సవరణ సరిగ్గా కాయల గుత్తి కిందికి వచ్చింది.

పది రోజులకు మొక్క ఆరింది. అతికించే రోజు ఆపాను మదనపల్లె పిలిపించారు. చీటీలో వరసగా గడులుంటాయి: కుటుంబం, పేరు, దొరికిన చోటు, సేకరించినవారు. సేకరించినవారి గడిలో ఆపా ఉర్దూలో తన పేరు రాసింది. నేను కోసింది కూడా కాదే అంది. పారేసింది నువ్వే కదా అన్నారు మేడమ్. చివర స్థానికంగా పిలిచే పేరు అనే గడి ఒకటి ఉంటుంది. బీరువాలోని చీటీల్లో సగానికి సగం అక్కడ తుంగ అని ఉంటుంది, మిగతా వాటిలో గీత. ఈ చీటీలో 'తస్బీ గడ్డి, పుంగనూరు చాపల ఇళ్లలో' అని మేడమ్ అక్షరం అక్షరం దిద్దినట్టు రాశారు.

ఈసారి వార్త రాయమని ఆవిడే అన్నారు. రాసి చూపించాను. 'అరుదైన' అన్న మాట కొట్టేశారు. పారేసినదే ఒక కుప్ప ఉండగా అరుదైనదేంటని అడిగారు. 'ఫలించిన అన్వేషణ' కూడా కొట్టేశారు. మిగిలింది సింగిల్ కాలమ్. దాన్ని మాత్రం పుంగనూరులో మా ఆపా వీధంతా చదివారట, ఎవరూ నవ్వలేదట.

బీరువా కాలేజీకి ఇంకా వెళ్లలేదు. కారణం ఆ జంకేసీ అట్ట. ఆపా ఆ రోజునుంచి తస్బీ గడ్డిని పారేయడం మానేసింది. తమ్ముడికి చెప్పి ఇప్పుడు తలలు నరకకుండా పంపించుకుంటోంది. కట్ట విప్పినప్పుడల్లా దొరికినవన్నీ పక్కన పెట్టి, మదనపల్లె బస్సు కండక్టరు చేతికి ఇస్తుంది, వెంటనే ఫోన్ చేస్తుంది: టీచరమ్మా, ఇంగో నాలుగు దొరికినాయి, బస్సులో వస్తాండాయి. నేను బస్టాండుకు పోయి తెస్తాను. ఒక మొక్కకు రెండు మూడు షీట్లు చాలు, ఆ మాట మేడమ్‌కు నాకన్నా బాగా తెలుసు. ఒకసారి చాలని చెప్పేయకూడదా అన్నాను.

"నువ్వు చెప్పు" అన్నారు.

నేనూ చెప్పలేదు. వచ్చిన ప్రతిదాన్నీ ఆవిడ పేపర్ల మధ్య ఆరబెట్టి, అతికించి, చీటీ రాసి ఆ అట్టలోనే పెడుతున్నారు. మొన్న శనివారం వెళ్లేసరికి, ఒకప్పటి ఆ పలుచటి అట్ట మూత పడక, ఆవిడ దాని మీద మోకాలు ఆనించి నాడా బిగిస్తున్నారు. నన్ను చూసి ఇంకో వైపు పట్టుకోమన్నారు.